అడుగుకీ అడుగుకీ మధ్య

చలికాలంలో పులికాట్ సరస్సు దగ్గర ఫ్లెమింగోలను చూసినవాళ్లకు ఒక దృశ్యం గుర్తుండిపోతుంది. లోతు లేని ఉప్పునీళ్లలో ఆ పక్షులు ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని, రెండో కాలి మీద అలాగే నిలబడి ఉంటాయి. నిద్ర కూడా ఆ తీరులోనే. వాటికి అలసట రాదా అని పిల్లలు అడుగుతారు, పెద్దలు జవాబు చెప్పలేక నవ్వేస్తారు. 2017లో అమెరికాలోని ఇద్దరు పరిశోధకులు, యంగ్ హుయ్ చాంగ్, లీనా టింగ్, ఆ ప్రశ్నకు జవాబు వెతికారు. ప్రాణం లేని ఫ్లెమింగో దేహాన్ని ఆ భంగిమలో ఒంటికాలి మీద నిలబెడితే అది కూలిపోకుండా నిలిచింది. కాలు ఆ కోణంలోకి వచ్చాక కీళ్లు వాటంతటవే సర్దుకుంటాయి, కండరం పెద్దగా శ్రమపడనక్కర్లేదు. ఆ పక్షికి ఒంటికాలు విశ్రాంతి.

మనిషికి ఆ సదుపాయం లేదు. మనం ఒంటికాలి మీద నిలబడ్డ క్షణం నుంచి మడమ, పిక్క, తొడ, తుంటి, నడుము అన్నీ పనిలో పడతాయి. అయినా ఆ పనిని రోజూ కొన్ని వేలసార్లు చేస్తూనే ఉంటాం. దానికి మనం పెట్టుకున్న పేరు నడక.

నడిచే మనిషిని నిదానంగా గమనించండి. రెండు పాదాలూ ఒకేసారి నేలమీద ఉండేది నూటికి ఇరవై పాళ్ల కాలమే. మిగిలిన ఎనభై పాళ్లు ఏదో ఒక కాలు గాల్లో ఉంటుంది, ఒళ్లంతా రెండో కాలి మీద ఉంటుంది. ఒక పాదం లేచి ముందుకు వెళ్లి మళ్లీ నేలను తాకేలోపు శరీరం పక్కకు ఒరగకుండా చూసుకోవాలి. యోగా నడకకు మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు సమాధానం వెతకాల్సింది ఇక్కడే, అడుగుకీ అడుగుకీ మధ్య ఉన్న ఆ అరక్షణంలో.

ఇసుక పెట్టే పరీక్ష

నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న మైపాడు సముద్రతీరానికి తెల్లవారుజామున వెళితే ఈ సంగతి కాళ్లకే తెలుస్తుంది. తారురోడ్డు మీద చకచకా వచ్చిన మనిషి పొడి ఇసుకలోకి దిగగానే నెమ్మదిస్తాడు. చేతులు కాస్త పక్కలకు విచ్చుకుంటాయి, చూపు నేల మీదికి దిగుతుంది. ఇసుకలో నడవడానికి గట్టినేల మీద నడిచేదానికన్నా రెండింతలకు పైగా శక్తి ఖర్చవుతుందని 1998లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. పాదం కింద నేల జారిపోతూ ఉంటే శరీరం ప్రతి అడుగునూ కొత్తగా సర్దుకోవాలి మరి.

ఈ తీరంలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ సర్దుబాటు వేరే నేర్పాల్సిన అవసరం ఉండేది కాదు. అల మీద ఊగే తెప్పపై నిలబడి వల విసిరేవాళ్లు, మడమలు ఇసుకలో దిగేసి వెనక్కి వాలి అలివి వల లాగేవాళ్లు, చుట్టకుదురు మీద చేపల గంప పెట్టుకుని రెండు చేతులూ వదిలేసి నడిచే ఆడవాళ్లు, వరిమడిలో అడుగు వెడల్పు లేని గెనిమ మీద నారుకట్టలు మోసేవాళ్లు ఇక్కడ ఉండేవారు. వీళ్లెవరూ యోగా అనే మాట కోసం ఆగలేదు. ఒళ్లు హూనమయ్యే ఆ బతుకును పొగడటం నా ఉద్దేశం కాదు. ఆ పనుల్లో ఉన్న ఒక్క గుణం గురించే చెబుతున్నాను: నిలకడకు రోజూ చిన్న పరీక్ష ఉండేది. ఇప్పుడు పడవకు మోటారు వచ్చింది, చేపల గంప ఆటో ఎక్కింది, రొయ్యల గుంట గట్టు మీదికి మోటారు సైకిల్ వెళుతోంది. శ్రమ తగ్గడం మంచిదే. దానితోపాటు ఆ పరీక్ష కూడా పోయింది. పోయినదాన్ని పదిహేను ఇరవై నిమిషాల్లో, ఒళ్లు పాడుచేసుకోకుండా తిరిగి తెచ్చుకునే మార్గాల్లో యోగా ఒకటి.

ముగ్గురు సాక్షులు

మనం ఎటు ఒరుగుతున్నామో మెదడుకు ఎలా తెలుస్తుంది? దానికి ముగ్గురు సాక్షులు ఉన్నారు.

మొదటి సాక్షి కన్ను. తలుపు చట్రం, గోడ అంచు, దూరాన కనిపించే సముద్రపు గీత తిన్నగా ఉన్నాయా, ఒరిగి ఉన్నాయా అని చూసి చెబుతుంది. రెండో సాక్షి లోపలి చెవి. అక్కడ మూడు అర్ధవలయ నాళాలు తల తిరగడాన్ని కనిపెడతాయి, రెండు చిన్న సంచులు తల వంగడాన్నీ వేగం మారడాన్నీ కనిపెడతాయి. మూడో సాక్షి పాదం. అరికాలి చర్మం, చీలమండ కీలు, పిక్క కండరం బరువు ఎటు పడుతోందో నిమిషనిమిషమూ కబురు పంపుతుంటాయి.

ముగ్గురూ ఒకే మాట చెబితే మెదడుకు పని సులువు. సాక్ష్యాలకు పొంతన కుదరకపోతేనే చిక్కు. పక్కనున్న బస్సు కదిలితే మన బస్సే కదిలిందనుకుని ఉలిక్కిపడతాం, అది కన్ను చెప్పిన తప్పుడు సాక్ష్యం. రాత్రి కరెంటు పోయినప్పుడు పెద్దవాళ్లు తడబడేదీ ఇందుకే. మొదటి సాక్షి లేడు, మూడో సాక్షి అప్పటికే బలహీనపడి ఉన్నాడు.

మూడో సాక్షి గురించి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులు ఉన్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా కట్టింది. చక్కెర ఏళ్ల తరబడి అదుపు తప్పితే పాదాల నరాలు దెబ్బతింటాయి, తిమ్మిరి మొదలవుతుంది. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియలేదని చెప్పేవాళ్లు మన ఇళ్లలోనే కనిపిస్తారు. పాదం కబురు పంపకపోతే మెదడు చీకట్లో అడుగు వేయిస్తున్నట్టే.

వయసు పెరిగేకొద్దీ ముగ్గురూ నెమ్మదిస్తారు. కండరం బలం తగ్గుతుంది, చటుక్కున స్పందించే వేగం అంతకన్నా తొందరగా తగ్గుతుంది. కుర్చీలో ఎక్కువసేపు కూర్చునేవాళ్లకు తుంటి ముందుభాగం కండరాలు బిగుసుకుపోయి కాలు వెనక్కి పూర్తిగా సాగదు. కాలు వెనక్కి సాగకపోతే అడుగు పొట్టిదవుతుంది. ఒకసారి తూలిపడ్డ మనిషికి భయం పట్టుకుంటుంది. భయంతో ఒళ్లు బిగబట్టి, కాళ్లు ఎడంగా పెట్టి, పాదాలు ఈడుస్తూ నడుస్తాడు. ఈడ్చే పాదానికే గడప తగులుతుంది. భయమే మళ్లీ పడేస్తుంది.

1997లో స్వీడన్ పరిశోధకులు వృద్ధాశ్రమవాసుల్లో ఒక చిన్న విషయం పసిగట్టారు. నడుస్తుండగా పలకరిస్తే ఆగిపోయి జవాబు చెప్పేవాళ్లు ఆ తర్వాత ఎక్కువగా పడిపోయారు. నడకకే మనసంతా ఖర్చవుతుంటే మాటకు మిగలదు. మన ఇంట్లో పెద్దవాళ్లు ఈమధ్య అలా ఆగుతున్నారా అన్నది గమనించదగ్గ విషయమే.

ఏ ఆసనం ఏ పని చేస్తుంది

యోగా అనగానే చాలామంది పద్మాసనంలో కళ్లు మూసుకున్న మనిషిని ఊహించుకుంటారు. ధ్యానానికీ ప్రాణాయామానికీ వాటి ప్రయోజనం వాటికి ఉంది. కానీ కూర్చుని చేసే సాధన కాళ్లకు నిలకడ నేర్పదు. నడక బాగుపడాలంటే నిలబడి చేసే ఆసనాలు ఉండాలి. ఆయుష్ మంత్రిత్వ శాఖ యోగా దినం కోసం రూపొందించిన 45 నిమిషాల క్రమంలో తాడాసనం, వృక్షాసనం, పాదహస్తాసనం, అర్ధచక్రాసనం, త్రికోణాసనం నిలబడి చేసేవే. మన ప్రశ్నకు అందులో కొన్ని పనికొస్తాయి, కొన్నింటి విషయంలో జాగ్రత్త కావాలి.

తాడాసనం చూడటానికి ఏమీ చేయనట్టే ఉంటుంది. కానీ కదలకుండా నిలబడ్డామనుకున్నప్పుడు కూడా ఒళ్లు మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది. పిక్కలు ఆ ఊపును సర్దుతుంటాయి. బరువు మడమ మీద ఉందా, మునివేళ్ల మీద ఉందా, బొటనవేలి వైపా, చిటికెనవేలి వైపా అని పట్టించుకోవడమే ఆ ఆసనంలో అసలు పని. నిద్రమత్తులో ఉన్న మూడో సాక్షిని లేపడం అన్నమాట. తర్వాత మడమలెత్తి మునివేళ్ల మీద నిలిస్తే పిక్కలకు బలం వస్తుంది. నడకలో వెనక కాలు నేలను తోసి మనల్ని ముందుకు పంపేది ఆ బలంతోనే.

వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలిచినప్పుడు తుంటికి పక్కనుండే కండరం పనిలోకి వస్తుంది. అది బలహీనమైతే ఎత్తిన కాలి వైపు నడుము కిందికి జారుతుంది, మనిషి బాతులా ఊగుతూ నడుస్తాడు. నడకలో ప్రతి అడుగునా అరక్షణం ఉండే స్థితినే వృక్షాసనం సాగదీసి పది, ఇరవై క్షణాలు పట్టి చూపిస్తుంది. అందుకే నడకకు ఇంతకన్నా దగ్గరి ఆసనం లేదు. పాదాన్ని తొడ దాకా ఎత్తాలని నియమం లేదు. బొటనవేలు నేలను తాకుతూ మడమను రెండో చీలమండకు ఆనించినా వృక్షాసనమే. ఎత్తిన పాదాన్ని మోకాలి పక్కకు మాత్రం నొక్కకూడదు.

వీరభద్రాసనంలో వెనక్కి చాచిన కాలి తుంటి ముందుభాగం సాగుతుంది, కుర్చీ వల్ల బిగుసుకున్నది వదులవుతుంది. ఉత్కటాసనం, అంటే కనిపించని కుర్చీలో సగం దాకా కూర్చుని లేవడం, తొడలకు బలమిస్తుంది. మంచం మీంచి లేవడానికీ మెట్లెక్కడానికీ అక్కరకొచ్చేది ఆ బలమే. త్రికోణాసనంలో తల, చూపు పక్కకు తిరుగుతాయి కాబట్టి కంటికీ చెవికీ కొత్త లెక్క ఎదురవుతుంది, పాదం మాత్రం కదలకూడదు. పడుకుని చేసే సేతుబంధాసనం పిరుదులకు బలమిస్తుంది.

ఇన్నిటిలోనూ ఉమ్మడిగా ఉన్నది నిదానం. తొందరగా చేస్తే ఊపే మనల్ని నిలబెడుతుంది. సైకిల్ వేగంగా వెళ్తుంటే పడదు, మెల్లగా వెళ్తేనే తొణుకుతుంది కదా. నిదానంగా ఆసనంలోకి వెళ్లి నిదానంగా బయటికి వచ్చినప్పుడే కండరానికీ మెదడుకీ అసలు పాఠం పడుతుంది. ఊపిరి బిగబట్టకుండా చేయడం వల్ల పడతానేమోనన్న బిగువు సడలుతుంది.

పరిశోధన చెప్పింది ఎంత

2005లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం వైద్యులు 62 నుంచి 83 ఏళ్ల మధ్య ఉన్న, అంతకుముందు యోగా తెలియని ఆరోగ్యవంతులకు ఎనిమిది వారాలు అయ్యంగార్ పద్ధతిలో యోగా నేర్పారు. వారానికి రెండుసార్లు గంటన్నర తరగతి, తరగతి లేని రోజుల్లో ఇంట్లో కనీసం ఇరవై నిమిషాలు. చివరిదాకా నిలిచిన 19 మంది నడకను కొలిస్తే కాలు వెనక్కి సాగే కోణం పెరిగింది, అడుగు పొడవు పెరిగింది. మనం పైన చెప్పుకున్న బిగువు సడలడం అంటే ఇదే. అయితే చేసినవాళ్లను యోగా చేయని మరో జట్టుతో పోల్చి చూడలేదు, మనుషులూ కొద్దిమందే. దాన్ని తొలి ఆనవాలుగానే తీసుకోవాలి.

2016లో 60 ఏళ్లు దాటినవారి మీద జరిగిన ఆరు ప్రయోగాలను, మొత్తం 307 మందిని కలిపి చూశారు. యోగా వల్ల నిలకడలో కొద్దిపాటి మేలు, లేచి నడవడంలో అంతకన్నా కాస్త ఎక్కువ మేలు కనిపించాయి. అద్భుతమేమీ కాదు, కానీ ఉత్తమాటా కాదు.

నిలకడ మెరుగుపడటం వేరు, నిజంగా పడిపోవడం తగ్గడం వేరు. రెండోది తేల్చాలంటే వేలమందిని నెలల తరబడి గమనించాలి. అన్ని రకాల వ్యాయామాలనూ కలిపి 2019లో కొక్రేన్ సంస్థ అలాంటి సమీక్షే వెలువరించింది. 108 ప్రయోగాలు, 23 వేలకు పైగా మనుషులు. సొంత ఇళ్లలో ఉండే పెద్దవాళ్లలో వ్యాయామం పడిపోవడాలను 23 శాతం తగ్గించింది. అందులో ఎక్కువ నమ్మదగిన ఫలితం నిలకడకు పరీక్ష పెట్టే, రోజువారీ కదలికలను పోలిన కసరత్తులదే. యోగా చేసేవాళ్లు దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒక్కటే: మీ సాధనలో నిలబడి, బరువు ఒక కాలి నుంచి మరో కాలికి మార్చే భాగం ఉందా, లేదా?

ఇదంతా ఎందుకంత ముఖ్యమంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో పడిపోవడం వల్ల ఏటా 6 లక్షల 84 వేలమంది చనిపోతున్నారు. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దానిదే. ఎక్కువమంది 60 దాటినవాళ్లు. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక ఒకప్పటిలా లేచి తిరగనివాళ్లు మనకు తెలియనివాళ్లు కాదు.

చేయి పట్టుకునే కర్ర

నిలకడ తక్కువున్నవాళ్లు గోడ పక్కనే మొదలుపెట్టాలి. గోడకు ఆనుకోమని కాదు, వేలితో తాకితే చాలు. 1994లో జెకా, లాక్నర్ అనే శాస్త్రవేత్తలు ఒక వింత చూపించారు. వేలికొసతో వంద గ్రాముల బరువుకు మించని ఒత్తిడితో ఏదైనా స్థిరమైన వస్తువును తాకినా ఒళ్లు ఊగడం బాగా తగ్గింది. అంత చిన్న ఒత్తిడి శరీరాన్ని మోయలేదు. ఆ స్పర్శ మెదడుకు నాలుగో సాక్షిగా పనికొచ్చిందన్నమాట.

చేతికర్ర చేసే మేలు కూడా కొంత ఇదే. మైపాడు ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే, పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. తొమ్మిదేళ్ల తర్వాత, అరవై ఏళ్ల వయసులో, ఆయన సబర్మతి నుంచి దండి దాకా దాదాపు 385 కిలోమీటర్లు 24 రోజుల్లో నడిచారు, చేతిలో వెదురుకర్రతో. కర్ర పట్టుకోవడం నామోషీ అనుకుని గోడలు పట్టుకుంటూ తిరిగే పెద్దలకు ఆ కర్రను ఒకసారి గుర్తు చేయవచ్చు.

ఆగి ఆలోచించాల్సిన చోట్లు

యోగా హాని చేయదన్న మాటను గుడ్డిగా నమ్మకూడదు. గంటల తరబడి వజ్రాసనంలో కూర్చున్నందువల్ల మోకాలి పక్కన ఉండే నరం నలిగి పాదం ఎత్తలేని స్థితి వచ్చిన సందర్భాన్ని 1971లోనే ఒక అమెరికన్ వైద్య పత్రిక ప్రచురించింది. మేలు కోసం చేసిన సాధన నడకనే దెబ్బతీసింది. కాలు తిమ్మిరెక్కితే భరించడం సాధన కాదు, వెంటనే లేవాలి.

ఎముకలు గుల్లబారినవాళ్లు పాదహస్తాసనంలా వెన్ను గుండ్రంగా వంచే ఆసనాలు మానాలి, వెన్నుపూసలు నలిగే ప్రమాదం ఉంది. గ్లకోమా ఉన్నవాళ్లు తల కిందికి ఉండే ఆసనాలు వేయకూడదు, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు పడుకుని చేసిన ఆసనం నుంచి చటాలున లేస్తే కళ్లు తిరుగుతాయి. పక్కకు తిరిగి, కాసేపు కూర్చుని, అప్పుడు లేవాలి.

మంచం మీద పక్కకు ఒత్తిగిలితే గది గిర్రున తిరిగేవాళ్లు, ఏడాదిలో రెండోసారి పడ్డవాళ్లు, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ముందు డాక్టరును కలవాలి, యోగా గురువును తర్వాత. మూతి వంకరపోయినా, ఒక వైపు కాలూ చేయీ ఉన్నట్టుండి పట్టు తప్పినా అప్పుడు ఆసనాల మాట వద్దు, 108కి ఫోన్ చేయాలి.

సముద్రపు ఒడ్డున యోగా చేయాలని ఉబలాటపడేవాళ్లకు ఒక మాట. మొదటి రెండు మూడు నెలలు ఇంట్లో గట్టినేల మీదే నేర్చుకోండి. ఇసుకకు వెళ్లినా అల తడిపి గట్టిపడిన చోటు చూసుకోండి. ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు ఒక కాలు, వచ్చేటప్పుడు మరో కాలు పల్లంలో పడేలా అదే దారిన తిరిగి రండి. మధుమేహంతో పాదాలు తిమ్మిరెక్కేవాళ్లు వట్టికాళ్లతో ఎండ ఎక్కిన ఇసుక మీద నడవకూడదు. కాలిన సంగతి బొబ్బ పొడిచేదాకా తెలియదు.

రోజూ కొంచెం

2025 జూన్ 21న విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు సాగరతీరం పొడవునా దాదాపు మూడు లక్షలమంది ఒకేసారి యోగా చేశారు, గిన్నిస్ రికార్డు వచ్చింది. అలాంటి ఉదయం జనానికి ఉత్సాహం ఇస్తుంది. కాళ్లకు నిలకడ ఇచ్చేది మాత్రం తర్వాతి రోజూ, ఆ తర్వాతి రోజూ చేసేదే. మానేస్తే వచ్చిన నిలకడ కూడా మెల్లగా జారిపోతుంది.

అరవై దాటి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు రోజుకు ఇరవై నిమిషాలు చాలు. గోడ పక్కన, వెనక ఒక కదలని కుర్చీ పెట్టుకుని తాడాసనం రెండు నిమిషాలు. మడమలెత్తడం పదిసార్లు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం ఎనిమిది, పదిసార్లు. చిన్న అడుగుతో వీరభద్రాసనం, రెండు వైపులా. వృక్షాసనం వేలు గోడకు తాకిస్తూ, ఒక్కో కాలి మీద పది లెక్కపెట్టేదాకా. సేతుబంధాసనం నాలుగైదుసార్లు. చివర శవాసనం. నెల గడిచాక వేలు తీసి చూడండి. కళ్లు మూసి చేయడం మాత్రం పక్కన మనిషి ఉన్నప్పుడే, చాలా తర్వాత.

పది లెక్కపెట్టడానికి ఒక కారణం ఉంది. 2022లో బ్రెజిల్ పరిశోధకులు 51 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 1,702 మందిని పది క్షణాలు ఒంటికాలి మీద నిలబడమన్నారు. అయిదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. తర్వాతి ఏడేళ్లలో వాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. నిలబడలేకపోవడమే చావుకు కారణమని దీని అర్థం కాదు. లోపల ఉన్న జబ్బులు, బలహీనత అలా బయటపడుతున్నాయంతే. కాబట్టి పది రాకపోతే భయపడకండి, పట్టించుకోండి.

సాధన పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. ఉదయం బయటికి వెళ్లేముందు వాకిట్లో చెప్పులు తొడుక్కుంటాం కదా, ఆ క్షణాన్ని గమనించండి. ఒక కాలు ఎత్తగానే చేయి దానంతటదే తలుపు రెక్క కోసం వెతుకుతోందా? మూడు నెలలు సాధన చేశాక ఒకరోజు రెండు చెప్పులూ తొడుక్కుని, గడప దాటి, వీధిలోకి వచ్చాక గుర్తొస్తుంది, ఈ పూట తలుపు పట్టుకోనేలేదని.